గుర్తించడమంటే మాట ఇవ్వడం

మూడేళ్లు నిండిన బిడ్డ ఇంకా మాట్లాడటం లేదు. అంగన్‌వాడీ టీచరుకు అనుమానం వచ్చింది. తల్లికి చెప్పాలా, వద్దా? చెబితే తల్లి బెంగపడుతుంది, ఇంట్లో గొడవ అవుతుంది, ఊళ్లో బిడ్డకు ఒక పేరు పడిపోతుంది. రేపు అనుమానం తప్పని తేలినా ఆ పేరు పోదు. చెప్పకుండా ఊరుకుంటే, సాయం అందవలసిన కాలం చేజారిపోతుంది. ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసే టీచర్లకు, ఆశా కార్యకర్తలకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇరకాటం తప్పదు.

ఇది డాక్టర్లు చూసుకునే విషయమని మనం పక్కన పెడతాం. నిజానికి ఇందులో వైద్యం సగమే. మిగతా సగం న్యాయానికి సంబంధించినది. ఒక చిన్న బిడ్డ గురించి ‘ఈ బిడ్డకు లోపం ఉంది’ అని చెప్పే హక్కు ఎవరికి ఉంది? ఏ భాషలో చూసి చెప్పాలి? చెప్పిన తర్వాత చెప్పినవాళ్ల మీద ఏ బాధ్యత పడుతుంది? చదువుకున్న ఆదివాసీ యువత, మన పిల్లలకు పాఠం చెప్పే టీచర్లు ఈ మూడు ప్రశ్నలనూ తేల్చుకోవాలి. ఎందుకంటే చాలా గూడేల్లో బిడ్డను మొదట చూసేది మనమే.

ఆలస్యం ఖరీదు

ముందుగా గుర్తించడం ఎందుకు అవసరమో కొన్ని ఉదాహరణలు చూద్దాం.

కొందరు బిడ్డలకు పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయదు. చూడటానికి బిడ్డ మామూలుగానే ఉంటుంది. కాస్త ఎక్కువ నిద్రపోతుంది, ఏడుపు తక్కువ. ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని ఇంట్లో మురిసిపోతారు. పుట్టిన రెండు వారాల్లో మాత్రలు మొదలుపెడితే ఆ బిడ్డ బుద్ధి దాదాపు అందరు పిల్లల్లాగే ఎదుగుతుంది. నెలలు గడిచాక మొదలుపెడితే పోయిన ఎదుగుదల తిరిగి రాదు. రెండిటికీ మందు ఒకటే. తేడా అంతా మొదలుపెట్టిన రోజులో ఉంది.

పాదం లోపలికి తిరిగి పుట్టిన బిడ్డ సంగతి చూడండి. పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెట్టి, వారం వారం సిమెంట్ కట్లు మారుస్తూ పాదాన్ని మెల్లగా సరిచేసే పద్ధతి ఉంది. చాలామందికి మడమ దగ్గర ఒక చిన్న కోత చాలు. ఆ తర్వాత నాలుగేళ్ల వయసు దాకా రాత్రిపూట ప్రత్యేకమైన బూట్లు వేయాలి. ఇదంతా జరిగితే ఆ బిడ్డ పోడు చేలోనూ నడుస్తుంది, కొండా ఎక్కుతుంది. ఎవరూ చూడకపోతే అదే బిడ్డ జీవితమంతా కుంటుతుంది.

మెల్లకన్ను ఉంటే అదృష్టమని మన పల్లెల్లో అంటారు. కంటిలో పుట్టుకతోనే తెల్లని పొర ఉన్నా, పెద్దయ్యాక చూద్దాంలే అంటారు. కానీ చూడటం కన్ను ఒక్కటే చేసే పని కాదు, మెదడు కూడా నేర్చుకోవాలి. ఆ నేర్చుకునే వయసు మొదటి ఏడెనిమిదేళ్లే. అందులోనూ మొదటి నెలలు ఎంతో ముఖ్యం. ఆ వయసు దాటాక ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

అన్నిటికన్నా చెవి సంగతి ఎక్కువ ఆలోచించవలసినది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోయింది. అయినా సవర వ్యాకరణాన్ని, నిఘంటువును తయారుచేయగలిగారు. ఎందుకంటే చెవి పోయేనాటికి ఆయనలో భాష ఉంది. పుట్టుకతో వినపడని బిడ్డ పరిస్థితి వేరు. ఆ బిడ్డకు చెవితో పాటు భాష కూడా అందదు. అమ్మ జోలపాట, అక్క ఎగతాళి, తాత చెప్పే కథ ఏవీ లోపలికి వెళ్లవు. భాష అందకపోతే ఆలోచనకు ఆధారం దొరకదు. అందుకే పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు సాయం మొదలవ్వాలని ప్రపంచమంతటా డాక్టర్లు చెబుతున్నారు. మన దగ్గర నాలుగో ఏటికో ఐదో ఏటికో ‘మాట ఆలస్యంగా వస్తుందిలే, వాళ్ల మామకూ అలాగే వచ్చింది’ అంటూ ఉంటాం.

ఇంకొకటి, చెవిలో చీము. జలుబుతో మొదలై నెలల తరబడి కారుతుంది. చీము ఉన్నప్పుడు సరిగా వినపడదు, తగ్గినప్పుడు కొంత వినపడుతుంది. ఒకరోజు పిలిస్తే పలికి, మరుసటి రోజు పలకని బిడ్డను మనం మొండి అంటాం. క్లాసులో వెనక కూర్చునే ఆ ‘మొండి’ బిడ్డకు కావలసింది ముందు వరుసలో చోటు, చెవికి మందు.

లెక్కలోకి రానివాళ్లు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు. అంటే జనాభాలో 2.21 శాతం. షెడ్యూల్డ్ కులాల్లో ఇది 2.45 శాతం. షెడ్యూల్డ్ తెగల్లో 2.05 శాతం.

ఈ చివరి అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. పౌష్టికాహారం తక్కువ, ఆసుపత్రి దూరం, కాన్పులు కష్టం, జ్వరాలు ఎక్కువ. ఇన్ని ఉన్న మనలో వైకల్యం మిగతావాళ్లకన్నా తక్కువ ఎలా ఉంటుంది? దీనికి జవాబులు ఒకటికన్నా ఎక్కువ ఉండవచ్చు. లెక్క రాసేవాళ్లు అడిగిన మాట మన ఇళ్లలో అర్థమై ఉండకపోవచ్చు. మన ఇళ్లలో దాన్ని వైకల్యమని అనుకోకపోవచ్చు. అన్నిటికన్నా చేదు జవాబు మరొకటి ఉంది. సాయం అందక కొందరు బిడ్డలు లెక్కలు రాసే రోజుదాకా బతికి ఉండకపోవచ్చు. ఏ జవాబు ఎంత నిజమో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. కానీ తక్కువ అంకెను చూసి మనం సంతోషపడటానికి లేదని మాత్రం చెబుతుంది.

ప్రభుత్వం వైపునుంచి ఏర్పాట్లు లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి రావాలి. పుట్టినప్పటినుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను చూడాలి. అనుమానం ఉన్న బిడ్డను జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మనలో చాలా కుటుంబాలను పట్టి పీడించే సికిల్ సెల్ వ్యాధి కూడా అందులో ఉంది. ఐదేళ్లకోసారి బడి పిల్లల్లో సర్వే చేయాలని అదే చట్టం చెప్పింది. నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులను వీలైనంత త్వరగా కనిపెట్టి, వాటిని దాటడానికి తగిన బోధనా పద్ధతులు చేపట్టాలని కూడా చెప్పింది. కనిపెట్టడం, దాటించడం అనే రెండు పనులనూ చట్టం ఒకే వాక్యంలో పెట్టింది. కాగితం మీద కలిసి ఉన్న ఆ రెండూ గూడెంలో మాత్రం విడిపోతున్నాయి. మొదటిది ఫారంలో నమోదవుతుంది, రెండోదాని సంగతి అడిగేవాళ్లు ఉండరు.

‘మా గూడెంలో అందరూ ఒకటే’

ఇక్కడ మన పెద్దలు ఒక మాట అంటారు. ‘మాలో కాలు లేనివాడు, చూపు లేనివాడు అని వేరుగా ఎవరూ లేరు. చేతనైన పని చేస్తారు, అందరితో తింటారు, పండగలో డప్పు దగ్గర కూర్చుంటారు. బయటివాళ్లు వచ్చి పేర్లు పెట్టేదాకా మాకు ఈ తేడాలు తెలియవు.’

ఈ మాటలో నిజం ఉంది. దాన్ని చులకన చేయకూడదు. పట్టణంలో లోపం ఉన్న బిడ్డను చుట్టాల కంట పడకుండా లోపలి గదిలో దాచే ఇళ్లు ఉన్నాయి. గూడెంలో ఆ బిడ్డ పశువుల వెంట, పిల్లల గుంపు వెంట తిరుగుతుంది. అందరి మధ్య పెరగడం చిన్న విషయం కాదు.

అమెరికాలో మార్తాస్ వినియార్డ్ అనే ఒక దీవి ఉంది. అక్కడ రెండు వందల ఏళ్లకు పైగా చాలామంది పుట్టుకతోనే చెవుడుతో ఉండేవాళ్లు. అది వంశాల్లో వచ్చినది. ఆ దీవిలోని కొన్ని ఊళ్లలో వినపడేవాళ్లు కూడా చిన్నప్పటినుంచే చేతి సైగల భాష నేర్చుకునేవారు. చేపల వేటలో, అంగట్లో, ఊరి సమావేశంలో అందరూ ఆ భాష వాడేవారు. నోరా గ్రోస్ అనే పరిశోధకురాలు 1985లో దీనిమీద పుస్తకం రాశారు. ఆ ఊళ్లలో వినపడనివాళ్లు వేరుగా ఒక గుంపు కాలేదు. పెళ్లిళ్లు చేసుకున్నారు, పనులు చేశారు, అందరిలాగే బతికారు.

ఈ ఉదాహరణను మన పెద్దల మాటకు తోడుగా చెప్పుకోవచ్చు. కానీ జాగ్రత్తగా చూస్తే అది మనల్ని ఒక ప్రశ్న కూడా అడుగుతుంది. ఆ దీవివాళ్లు ‘అందరూ ఒకటే’ అని ఊరుకోలేదు. తమలో కొందరికి వినపడదని గమనించారు. గమనించి, ఊరంతా ఒక భాష నేర్చుకుంది. మన గూడెంలో వినపడని బిడ్డను ప్రేమగానే చూస్తాం, సరే. ఆ బిడ్డతో మాట్లాడటానికి మనలో ఎంతమంది సైగలు నేర్చుకున్నారు? అన్నం పెట్టి, పక్కన కూర్చోబెట్టి, ఒక్క మాట కూడా అందించకుండా ఇరవై ఏళ్లు పెంచితే దాన్ని కలుపుకోవడం అనగలమా? బిడ్డను ఉన్నట్టుగా ఒప్పుకోవడం మంచి గుణం. ఒప్పుకున్నాం కదా అని చెవి చూపించకపోవడం ఆ గుణం వెనక దాక్కోవడం.

ముద్ర వేసినవాళ్ల చరిత్ర

అయితే పేరు పెట్టించుకోవడానికి మనవాళ్లు భయపడటం వెనక కారణం ఉంది. బయటివాళ్లు ‘గుర్తించడం’ అంటే ఏమిటో ఆదివాసులకు, సంచార తెగలకు బాగా తెలుసు. 1871లో ఆంగ్లేయులు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. యెరుకల కుటుంబాలు, యానాది కుటుంబాలు ఎన్నో ఆ జాబితాలోకి ఎక్కాయి. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. ఆ తెగలో పుట్టిన బిడ్డ ఏ తప్పూ చేయకముందే అనుమానితుడు. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ ఆ పేరు అంత తొందరగా రద్దు కాలేదని ఆ కుటుంబాల పిల్లలకు తెలుసు.

పిల్లల తెలివిని కొలిచే పరీక్షల చరిత్రలోనూ ఇలాంటి కథే ఉంది. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సైమన్ కలిసి ఒక పరీక్ష తయారుచేశారు. బడిలో వెనకబడే పిల్లలను కనిపెట్టి వాళ్లకు ప్రత్యేకంగా నేర్పించడమే దాని ఉద్దేశం. తెలివి మారని వస్తువు కాదనీ, శిక్షణతో పెరుగుతుందనీ బినే గట్టిగా నమ్మాడు. ఆ పరీక్ష సముద్రం దాటి అమెరికా చేరాక దాని పని మారిపోయింది. ఓడ దిగిన పరదేశీయులకు, ఇంగ్లీషు రాని పేదలకు ఆ పరీక్ష పెట్టి, వాళ్లలో ఎందరినో మందబుద్ధులని రాశారు. సాయం చేయడానికి పుట్టిన కొలత తలుపు మూయడానికి పనికొచ్చింది.

మనకు ఇంకా దగ్గరగా వచ్చే ఉదాహరణ కాలిఫోర్నియాది. అక్కడ ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో తెలివి పరీక్షలు పెట్టి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల క్లాసుల్లో వేశారు. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. కేసు వేసిన పిల్లలకు వాళ్ల భాషలో మళ్లీ పరీక్ష పెడితే, చాలామంది ఆ క్లాసులో ఉండవలసినవాళ్లు కాదని తేలింది. 1970లో జరిగిన ఒప్పందంతో పిల్లలను ఇంటి భాషలోనూ పరీక్షించాలన్న నియమం వచ్చింది.

ఏ భాషలో చూశారు?

ఆ కాలిఫోర్నియా బడిని మన మండలంలోకి తెచ్చి చూడండి. పరీక్ష చేసే మనిషి నీళ్ల గ్లాసు బొమ్మ చూపించి ‘ఇదేమిటి?’ అంటాడు. కోయ బిడ్డ ‘ఏరు’ అంటుంది. కోయ భాషలో నీళ్లను అలాగే అంటారు. తెలుగులో ఏరు అంటే వాగు. అడిగినవాడికి కోయ రాకపోతే ఆ జవాబుకు సున్నా పడుతుంది. బిడ్డ చెప్పింది సరైన మాట, తన భాషలో స్పష్టంగా చెప్పింది. అక్కడ తెలియనిది పరీక్ష చేసినవాడికే. అయినా ఫారంలో సున్నా పడేది బిడ్డకు.

సవర, కువి, కోలామి, గోండి, కోయ, ఆదివాసీ ఒడియా, లంబాడీ ఇళ్లలోంచి వచ్చిన బిడ్డ బడిలో మొదటి నెలలు మౌనంగా ఉండటం మామూలే. కొత్త భాష వినే బిడ్డ ముందు చాలాకాలం వింటుంది, తర్వాత మాట్లాడుతుంది. ఆ మౌనాన్ని మందబుద్ధి అనడం అన్యాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై ఏళ్ల కిందటే ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టడానికి ఈ అనుభవమే కారణం.

కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది. ఈ వాదన మనకు బాగా అలవాటైపోయి, ప్రతి మౌనానికీ ‘భాష సమస్యే’ అని తేల్చేస్తే, నిజంగా వినపడని బిడ్డ ఆ జవాబు కింద మునిగిపోతుంది. తెలుగు రాక మాట్లాడని బిడ్డ, చెవి వినపడక మాట్లాడని బిడ్డ, మనుషులతో కలవడంలోనే కష్టం ఉండి మాట్లాడని బిడ్డ — ముగ్గురూ క్లాసులో ఒకేలా కనిపిస్తారు. ముగ్గురినీ ఒకే గాటన కట్టేవాడు ఎటువైపు కట్టినా ఒకరికి అన్యాయం చేస్తాడు.

వాళ్లను వేరుచేసి చూడటానికి మొదటి మెట్టు కష్టమైనది కాదు. భాషలో నిజమైన ఇబ్బంది ఉన్న బిడ్డకు ఆ ఇబ్బంది ఇంటి భాషలోనూ ఉంటుంది. ఇంట్లో తన భాషలో ధారాళంగా మాట్లాడే బిడ్డకు కావలసింది తెలుగు నేర్చుకునే సమయం. కాబట్టి మొదటి ప్రశ్న అమ్మమ్మనో నానమ్మనో అడగాలి. ‘ఇంట్లో ఎలా మాట్లాడుతుంది? కథ చెబితే వింటుందా? రెండు పనులు ఒకేసారి చెబితే చేసుకొస్తుందా? దీని అక్క ఈ వయసులో ఎలా ఉండేది?’ పదిమంది పిల్లలను పెంచిన ముసలమ్మ చూపు ఏ పరీక్షకూ తీసిపోని మొదటి పరీక్ష. డాక్టరు పరీక్షకు అది బదులు కాదు. కానీ అది లేకుండా చేసిన పరీక్ష సగమే.

టీచర్లు, అంగన్‌వాడీవాళ్లు గుర్తుంచుకోవలసిన కొన్ని సూచనలు ఉన్నాయి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం. ఏడాదిన్నర దాటినా నడవకపోవడం. రెండేళ్లు నిండినా ఏ భాషలోనూ రెండు మాటలు కలిపి అనలేకపోవడం. వచ్చిన మాటలు, నడక మళ్లీ పోవడం. ఇందులో చివరిది కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఇంట్లో రెండు భాషలు ఉంటే రెండిటిలో వచ్చిన మాటలనూ కలిపి లెక్కపెట్టాలి.

చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది సంగతి వేరు. దానికి ఎనిమిదేళ్ల వయసు వచ్చాకే ధ్రువపత్రం ఇస్తారు. తెలిసిన భాషలో సరిగా నేర్పించి చూడకుండా ఏ బిడ్డకూ ఆ పేరు తగిలించకూడదు. నేర్పనిదాన్ని రాలేదనడం ఎక్కడి న్యాయం?

మాటలోనే తీర్పు

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను తెలుగులో ‘గ్రహణం మొర్రి’ అంటారు. ఈ ఒక్క మాటలో ఎంత తీర్పు ఉందో చూడండి. గ్రహణం రోజు కడుపుతో ఉన్న తల్లి బయటికి వచ్చిందనీ, కదలకుండా పడుకోలేదనీ, తప్పు ఆమెదేననీ ఆ మాట చెబుతుంది. బిడ్డ పెదవి గురించి మాట్లాడుతున్నామనుకుంటూ తల్లి మీద నేరం మోపుతున్నాం. గ్రహణానికీ పెదవికీ సంబంధం లేదు. మొదటి నెలల్లో ఆపరేషన్ చేస్తే పెదవి కలుస్తుంది. కానీ తల్లి మీద పడిన నిందకు ఆపరేషన్ లేదు. ఆ నింద వల్లే కొందరు తల్లులు బిడ్డను కొంగు చాటున దాచి, ఆసుపత్రికి తీసుకురావడమే ఆలస్యం చేస్తారు.

అందుకే తల్లికి చెప్పే మాట ఎలా ఉండాలో ముందే ఆలోచించుకోవాలి. జబ్బు పేరు చెప్పడం టీచరు పని కాదు. ‘మీ బిడ్డ మూగది’ అనకూడదు. ‘మీ పాప బొమ్మలు చక్కగా పేరుస్తుంది, అందరితో ఆడుతుంది. వెనకనుంచి పిలిస్తే మాత్రం తిరగడం లేదు. ఒకసారి చెవి చూపిద్దాం, నేనూ వస్తాను’ అనాలి. ఇందులో బిడ్డకు వచ్చినది ముందు ఉంది. మనం కళ్లతో చూసినది మాత్రమే ఉంది. తర్వాత ఏం చేయాలో ఉంది. తోడు వస్తానన్న మాట ఉంది. ఇంట్లో దేవుడికి మొక్కుకుంటామంటే, పూజారి దగ్గరికి వెళతామంటే ఎగతాళి చేయనక్కరలేదు. మొక్కు తీర్చుకోమనండి, ఆ వారమే ఆసుపత్రికి కూడా పోదామనండి.

వికలాంగులు అనే మాట పోయి దివ్యాంగులు అనే మాట వచ్చింది. మంచిదే. కానీ పేరు ఎంత గౌరవంగా ఉన్నా, బడిలో ర్యాంపు లేకపోతే, మరుగుదొడ్డి దాకా బిడ్డను తీసుకెళ్లే మనిషి లేకపోతే, ఆ గౌరవం బోర్డు మీదే మిగులుతుంది.

సాయం లేనిచోట గుర్తించి ఏం లాభం?

ఇది నిజాయితీగా అడగవలసిన ప్రశ్న, టీచర్లు అడుగుతారు కూడా. జిల్లా కేంద్రం దూరం. బస్సు రెండు పూటలే. ఒకరోజు వెళితే కూలి పోతుంది. మండలంలో భవిత కేంద్రం ఉన్నా వారం వారం బిడ్డను ఎత్తుకుని వాగు దాటి ఎవరు తీసుకెళతారు? సదరం శిబిరంలో 40 శాతం కన్నా తక్కువ వస్తే పింఛనూ లేదు. ఇంత చేసి తల్లికి మిగిలేది దిగులేనా?

కొన్ని గూడేలకు ఇంకో అనుభవం కూడా ఉంది. బృందం వస్తుంది, పిల్లల పేర్లు రాసుకుంటుంది, ఫొటోలు తీసుకుంటుంది, వెళ్లిపోతుంది. మరుసటి ఏడు ఇంకొకరు వచ్చి అవే పేర్లు మళ్లీ రాసుకుంటారు. అలాంటి లెక్క గూడెం నుంచి తీసుకుపోవడమే కానీ ఇవ్వడం కాదు. తేనె, చింతపండు తీసుకెళ్లినట్టే పిల్లల పేర్లూ తీసుకెళ్లారు. అంతకన్నా రాయకపోవడమే మేలని ఎవరైనా అంటే తప్పు పట్టలేం.

అయినా గుర్తించడమే మేలని నేను అంటాను. దానికి రెండు కారణాలు. ఒకటి, సాయమంతా ఆసుపత్రిలోనే లేదు. వినపడని బిడ్డను ముందు కూర్చోబెట్టి, ముఖం చూపిస్తూ మాట్లాడటానికి నిధులు అక్కరలేదు. చూపు తక్కువైన బిడ్డకు బోర్డు మీద పెద్ద అక్షరాలు రాయడానికి జీవో అక్కరలేదు. నెమ్మదిగా నేర్చుకునే బిడ్డకు ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా చేసి చూపించడం, పాటతో, గింజలతో, గులకరాళ్లతో లెక్క చెప్పడం మన చేతిలో ఉన్న పనులే. రెండు, పేరు లేని బిడ్డ కోసం ఎవరినీ నిలదీయలేం. ‘మా పంచాయతీలో చెవి పరీక్ష చేయించవలసిన పిల్లలు ఏడుగురు, వాహనం పంపండి’ అని ఐటీడీఏకు రాయాలంటే ఆ ఏడుగురెవరో మనకు తెలియాలి.

కాబట్టి మొదట అడిగిన మూడు ప్రశ్నలకు నా జవాబు ఇది. బిడ్డను చూసే హక్కు ఆ బిడ్డ దగ్గర ఉన్న ప్రతి పెద్దవాళ్లకూ ఉంది. చూడటం ఆ బిడ్డ భాషలోనే మొదలవ్వాలి. చూసి చెప్పినవాళ్లు ఆ బిడ్డకు ఒక మాట ఇచ్చినట్టే. మాట ఇచ్చినవాళ్లు మధ్యలో వదిలేస్తే గూడెంలో ఏమంటారో మనకు తెలుసు.

ఆ మాట నిలబెట్టుకోవడంలో యువతకు పెద్ద వాటా ఉంది. వైద్య బృందం వచ్చే రోజు గూడెంలో ఉండి, బిడ్డ మాటను డాక్టరుకు, డాక్టరు మాటను తల్లికి వాళ్ల భాషలో చెప్పేవాళ్లు కావాలి. ఆ పని రెండు భాషలూ వచ్చిన మీరు తప్ప మరొకరు చేయలేరు. జిల్లా కేంద్రానికి మొదటిసారి వెళ్లే తల్లికి ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో తెలియదు. ఒక్కసారి వెంట వెళితే రెండోసారి ఆమే వెళుతుంది. బిడ్డ సంగతి బజారులో చర్చకు పెట్టకుండా ఉండటం కూడా ఆ మాటలో భాగమే. సికిల్ సెల్ కార్డు ఎవరికి ఏ రంగుదో ఊరంతా తెలిసి సంబంధాలు తప్పిపోతే, రేపు పరీక్షకు రక్తం ఇవ్వడానికి ఎవరు వస్తారు? క్లాసులో పేర్లు చదివి ‘లోపం ఉన్నవాళ్లు లేవండి’ అనే పద్ధతి ఎక్కడ ఉన్నా ఆపించాలి.

టీచర్లకు ఒక పని సూచిస్తాను. మన పిల్లలు చాలామంది మూడో తరగతికి ఇల్లు వదిలి ఆశ్రమ పాఠశాలకు వెళతారు. అక్కడ వార్డెన్‌కు బిడ్డ భాష రాకపోవచ్చు, అమ్మమ్మ పక్కన ఉండదు. అంగన్‌వాడీలో, ఊరి బడిలో ఐదేళ్లు చూసిన సంగతులన్నీ గేటు బయటే ఆగిపోతాయి. అందుకని ప్రతి బిడ్డకూ ఒక కాగితం పెట్టండి. అంగన్‌వాడీలో మొదలై, బిడ్డతోపాటు ఆ కాగితం కూడా బడి మారాలి. అందులో జబ్బు పేర్లు వద్దు. చూసిన సంగతి, చూసిన తేదీ, ఏ భాషలో చూశారో, ఎవరికి చూపించారో, ఏం సాయం చేస్తే కుదిరిందో రాయండి. ఆరు నెలలకోసారి మళ్లీ చూసి, మారినదాన్ని మార్చండి. అనుమానం తప్పని తేలితే కొట్టివేసి సంతకం పెట్టండి. తల్లికి చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకే ముందుకు పంపండి.

ఆ కాగితం మీద మొదటి వరుసలో మాత్రం బిడ్డకు ఏం వచ్చో రాయండి. పక్షి కూత విని పేరు చెబుతుందా, గింజలు లెక్కపెడుతుందా, తమ్ముణ్ని ఎత్తుకుని ఊరుకోబెడుతుందా? ఆ వరుస ఖాళీగా ఉంటే, బిడ్డను మనం ఇంకా సరిగా చూడలేదని లెక్క. ఇంకో వారం చూసి రాద్దాం.